ఇంటికన్నా ముందు నేల

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ఫాల్స్ చర్చ్‌లో 1940-41లో, వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ లోరెన్ పోప్ అనే పాత్రికేయుడికి గీసిచ్చిన ఒక చిన్న ఇల్లు కట్టారు. 1,200 చదరపు అడుగులు. సైప్రస్ చెక్క, ఇటుక, గాజు, ఎర్ర కాంక్రీటు గచ్చు, అంతే సరుకు. 1960ల మొదట్లో ఇంటర్‌స్టేట్ 66 రహదారికి ఈ ఇల్లు అడ్డొచ్చింది. అప్పటి యజమానురాలు ఇంటిని, దానికొచ్చిన పరిహారం సొమ్మును కూడా చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేసింది. 1964లో ఇల్లు విప్పి, అదే రాష్ట్రంలో వుడ్‌లాన్ ఎస్టేట్ చెట్ల మధ్యకు చేర్చారు.

విప్పిన తీరు గురించి ఎవరైనా ముచ్చటగా చెబుతారు. మొదట కట్టిన వడ్రంగి హోవర్డ్ రికర్టే విప్పడానికీ, మళ్ళీ బిగించడానికీ వచ్చాడు. పలకలన్నీ అడ్డంగా పరుచుకుంటాయి. వాటిని పట్టి ఉంచే స్క్రూల తలల మీది గాడులు కూడా పలక వాటానికే, ఒకే గీతలా నిలిచేలా తిప్పి ఆపడం రైట్ గీసిన ఇలాంటి ఇళ్ళలో పద్ధతి. అంత పట్టింపుతో చేసిన చెక్కపనిని ఊడదీసి తిరిగి కూర్చడం మామూలు విద్య కాదు. కానీ నాకు దానికన్నా ఆసక్తి కలిగించేది చెక్క వచ్చేలోపు నేల మీద జరగాల్సిన పని.

శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో నిలబెట్టిన సంగతి మనకు తెలుసు. రాతికి ఆ వెసులుబాటు ఉంది, ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకుని తీసుకెళ్ళవచ్చు. పోత పోసిన గచ్చుకు లేదు. రైట్ ఇంట్లో ఆ గచ్చే పొయ్యి కూడా. చలికాలంలో ఇంటిని వెచ్చబరిచే వేడినీటి గొట్టాలు దాని కిందే పరుస్తారు. నేలమాళిగ లేదు, ఎత్తు అరుగు లేదు, గచ్చు నేరుగా నేల మీదే పడుకుంటుంది. పైగా పడకగదుల వైపు నేల ఎత్తుగా ఉండి, హాలులోకి మెట్లు దిగి వెళ్ళాలి. అంటే కొత్త స్థలంలో వాలు కూడా ఆ దిగుడుకు సరిపోవాలి. బుల్‌డోజరుతో చదును చేసేస్తే ఇల్లు నిలబడుతుంది, కాని మెట్లకు అర్థం పోతుంది.

చెట్ల సంగతి ఇంకా సున్నితం. పలక గోడ పైభాగాన కోసిన నమూనాల కిటికీల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా గోడ మీద పడుతుంది. బయట ఆకులు ఆ ఎండను వడకట్టాలి. అందుకే ఇలాంటి చోట పని తెలిసినవాళ్ళు ముందు గొడ్డలి తీయరు. ఇంటి కొలతకు మేకులు పాతి, తాడు కట్టి, ఆ గీతలో పడ్డ చెట్లకే గుర్తు పెడతారు. లారీ రావడానికి ఒకే దారి వదులుతారు. మిగతా చెట్ల చుట్టూ, కొమ్మలు వ్యాపించినంత మేర కంచె కడతారు. వేళ్ళలో ఎక్కువ భాగం పైపొరలోనే, రెండడుగుల లోపే ఉంటాయి మరి. అక్కడ బరువు బండి నాలుగుసార్లు తిరిగితే మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి అందదు. ఆ ఏడాది పచ్చగానే కనిపించిన చెట్టు, నాలుగైదేళ్ళకు పైకొమ్మల నుంచి ఎండుతుంది.

ఇంత చూసుకున్నా లోపలి మట్టి ఒక పట్టాన లొంగదు. వుడ్‌లాన్‌లో ఇల్లు నిలిపిన చోట ఉన్నది ‘సముద్రపు బంకమన్ను’ అని పిలిచే మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మన నల్లరేగడిలో ఇల్లు కట్టి, వేసవికి గోడలు బీటలిచ్చినప్పుడు తల పట్టుకున్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పునాది లోతుకు దిగని ఇంటికి ఈ మట్టి మరీ కష్టం. చుట్టూ చెట్లుంటే వేసవిలో అవి తేమ లాగి మట్టిని ఇంకా ముడుస్తాయి. ఆ చెట్ల నీడ కోసమే కదా అక్కడికి తెచ్చింది!

ఈ మట్టి వల్లే చివరికి 1995-96లో ఇంటిని మళ్ళీ విప్పారు. ఈసారి 30 అడుగుల దూరం జరిపారు. విప్పి కట్టే శ్రమంతా మొదటిదానంతే, మళ్ళీ కొత్త గచ్చు, కొత్త గొట్టాలు. ఇంత ఖర్చు ఎలాగూ పెడుతున్నప్పుడు ఏ బయలు ప్రదేశమో చూసుకుంటే మట్టి బెడద సులువుగా వదిలేది. వాళ్ళు ఆ దారి పట్టలేదు. గట్టినేలను అదే చెట్ల మధ్య పట్టుకున్నారు. నాకు నచ్చిన పనితనం ఆ 30 అడుగుల్లోనే ఉంది.