చెమ్మ ఎటు నుంచి వస్తుంది?

ఎండలు ముదిరేసరికి పర్యాటక బోట్ల గదులకు ఏసీల మాట మొదలవుతుంది. దానితోపాటే ఒక సలహా కూడా తిరుగుతుంది: గోడలకు ఫోము కొట్టించి, దాని మీద గదివైపు ప్లాస్టిక్ షీటు బిగించేస్తే ఇక చెమ్మ పట్టదని. ఈ వారం అది మళ్లీ వినబడి చిరాకేసింది. బోటుకు గాలి ఆడాలి, మిగతావన్నీ తర్వాత అని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. కాబట్టి ఫోమే వద్దంటానని పాఠకులు అనుకోవచ్చు. కానీ లెక్క చూస్తే అలా తేలడం లేదు.

ఆ సలహా చలిదేశాలకు సరిపోతుంది. అక్కడ చెమ్మ గదిలోనే పుడుతుంది. పడుకున్నవాళ్ల ఊపిరి, వంట ఆవిరి చల్లటి ఇనుప రేకుకు తగిలి నీరవుతాయి, అందుకని ఆవిరిని ఆపే తెర లోపలివైపు వేస్తారు. కోనసీమలో ఏసీ గది సంగతి దీనికి తలకిందులు. బయటి గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉందంటే, 27 డిగ్రీలకు దిగిన ప్రతి వస్తువు మీదా అది నీరు వదులుతుంది, చల్లటి మజ్జిగ గ్లాసు చెమర్చినట్టు. ఏసీ 24లో పెట్టాక గది లోపలి గోడ ఆ హద్దు కిందే ఉంటుంది. బయటి ఆవిరి ప్లైవుడ్ అతుకుల్లోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి దూరి, ఫోము పక్కల సందుల్లోంచి సాగి, సరిగ్గా ఆ ప్లాస్టిక్ షీటు వెనక నీరై ఆగిపోతుంది. అక్కడ ఆరే దారి లేదు. ముందు స్క్రూ తలల చుట్టూ తుప్పు మరక, తర్వాత నల్లటి బూజు చుక్కలు, చివరికి బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయే చెక్క. కదలని గాలి కంటే నీరు పాతిక రెట్లు ఎక్కువగా వేడిని చేరవేస్తుంది కనుక, తడిసిన ఫోము వేడినీ ఆపదు.

మన వడ్రంగులకు ఈ పాఠం కొత్త కాదు. కాకినాడ మరపడవల్లో ఐసు వేసే చేపల అరది కూడా ఇదే పరిస్థితి: లోపల సున్నా డిగ్రీలు, బయట ఉక్క. అందుకే థర్మాకోల్‌నో పఫ్ అనే పాలీయురెథేన్ ఫోమునో రెండు పొరల మధ్య మూసి, ఐసు నీరు దిగకుండా లోపల ఫైబర్ పూత వేస్తారు. ఇంజను గది పక్క గోడకు మందం ఎక్కువ కావాలి, ఐసు ముందు కరిగేది అక్కడే. ఏసీ గదికి నేర్చుకోవలసింది ఇదే: బయటి అతుకులన్నీ ముందు మూయాలి, నీరు పీల్చని ఫోము వాడాలి, ఎండ నేరుగా పడే పైకప్పుకు అన్నిటికంటే మందంగా వేసి పైన తెల్ల రంగు కొట్టాలి. లోపలి వైపు మాత్రం ఆరనిచ్చే చెక్క చాలు.

డిసెంబరు, జనవరిలో పాపికొండల దగ్గర రాత్రి చలికి చెమ్మ లోపలి నుంచి రాదా అంటారు. వస్తుంది, కానీ అప్పుడు ఏసీ నడవదు, కిటికీ కాస్త తెరిస్తే పోతుంది. తాటాకు కప్పే మేలు కదా అనేవారి మాటా కాదనను, ఏసీ లేని బోటుకు అంతకంటే హాయైనది లేదు. మే నెలలో ఏసీ అడిగే ప్రయాణికుడికి మాత్రం అది చాలదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది, దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. 2018 మేలో మంటూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు, గాలివానకు తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలివారు బయటపడలేకపోయారని పత్రికలు రాశాయి. చేపల అరను ఎంత బిగించినా ఫర్వాలేదు, మనుషుల గదిని అలా బిగించకూడదు. ఆవిరి చొరకుండా రబ్బరు అంచు పెట్టిన కిటికీని కూడా లోపలి నుంచి ఒక్క తోపుతో తెరిచేలా చేయవచ్చు. అద్దాన్ని స్క్రూలతో బిగించేసిన గదికి, ఎంత మంచి ఫోము వేసినా, నదిలో తిరిగే అనుమతి ఇవ్వకూడదు.