తేలిన పండ్లు

అరకు కొండల్లో కాఫీ పండ్లను తొక్క ఒలిచే పల్పర్‌లో వేసే ముందు నీళ్లలో పోస్తారు. గట్టివి మునుగుతాయి. పురుగు తొలిచినవి, లోపల గింజ కట్టనివి తేలతాయి. తేలినవాటిని తోడి పక్కన పోస్తున్న పెద్దావిడను, పారేస్తారా అని అడిగాను. "పారేయడం ఎందుకు బాబూ, వేరేగా ఎండబెడతాం. ధర తక్కువొస్తాది, అంతే" అంది.

నేను ప్రోగ్రామర్ని. అప్పట్లో కాఫీ తోటల లెక్కలు సరిచూసే ప్యాకేజీ ఒకటి ఆర్ భాషలో రాస్తున్నాను. నా తనిఖీ ఫంక్షన్లకు తెలిసిన మాటలు రెండే: సరే, కాదు. తేలిన పండ్లకు చోటే లేదు.

చలి తనిఖీ మరీ సిగ్గుచేటు. కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుంటే తప్పని ఆగిపోయేది. ఆ హద్దు విశాఖలో ఫ్యాను కింద కూర్చుని పెట్టింది. లంబసింగి, చింతపల్లి వైపు శీతాకాలంలో పాదరసం సున్నా దాకా దిగిన రోజులున్నాయి. లెక్కలు ఎక్కించే కుర్రాడు విసిగి, 2ని 5 చేసి కొట్టేశాడు. తనిఖీ పాసైంది! అంతకన్నా తనిఖీ లేకపోవడమే నయం.

బుద్ధొచ్చి అన్నిటినీ, పని ఆపకుండా చెప్పి ఊరుకునే వార్నింగులు చేశాను. అదింకో తెలివితక్కువ పని. వార్నింగులు పది దాటితే ఆర్ వాటి లెక్క మాత్రమే చెబుతుంది. ఎన్నొచ్చినా మొదటి 50నే దాచుకుంటుంది. మావాటిలో చాలా మటుకు 'ఫోన్ నంబరు లేదు' అన్నవే. సిగ్నలే అందని ఊళ్లలో నంబరెక్కడిది? ఆ గోలలో ఒకే బస్తా రెండుసార్లు ఎక్కిన సంగతి ఎవరి కంటా పడలేదు.

మళ్లీ రాశాను. ఫోన్ల సంగతంతా ఇప్పుడు ఒక్క వరుస. వివరాలు కావాలన్నవాళ్లే వెర్బోస్ మీట నొక్కుకుంటారు. బస్తా రెండుసార్లు ఎక్కితే మాత్రం ఆగిపోతుంది. 'చెల్లని విలువ' అని ముఖం మీద కొట్టే మాట తీసేశాను. 'వరుస 14: తేమ 105 శాతం అని ఉంది. 10.5 కాదు కదా?' అంటుంది. ఎండిన అరబికా కాఫీ చెర్రీలో తేమ ఉండాల్సింది అంతే మరి. చుక్క ఎక్కడో జారిపోయి ఉంటుంది.

చలి దగ్గర, 'బాగా తక్కువుంది, ఉంచమంటారా?' అని అడిగి, కారణం రాసే గడి చూపిస్తుంది. మొన్న జనవరి లెక్కల్లో 2 డిగ్రీలు అలాగే ఉన్నాయి. పక్క గడిలో కుర్రాడు రాశాడు: 'నిజమే సార్. గడ్డి మీద మంచు గట్టిపడింది.'