అడుగును వినే చేయి

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ అధీనంలో ఉన్న గ్వాడలూప్ దీవిలో, చెరకు తోటల్లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్లూ వారి సంతతివారూ తీర్చిదిద్దుకున్న పాట, ఆట, వాద్యం కలగలసిన కళను గ్వోకా అంటారు. ఆఫ్రికా మూలాలున్న వాద్యాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆవేశం, ఊపు, దేహబలం అన్న మాటలే ముందుగా వినిపిస్తాయి. ఆ పొగడ్తలో వాద్యకారుడి బుద్ధికి చోటుండదు. గ్వోకా కళాకారుల పనితనాన్ని దగ్గరగా పరిశీలించినవారికి మాత్రం, చేతికన్నా ముందు కన్నూ చెవీ పదునెక్కితేగాని ఈ విద్య పట్టుబడదని అర్థమవుతుంది.

ఇందులో వాడే డోలు పేరు కా. ఒకప్పుడు ఉప్పుమాంసమో ద్రాక్షసారాయో నింపుకొని వచ్చి ఖాళీ అయిన కొయ్యపీపాలకే ఒకవైపు మేకతోలు మూసి, దాన్ని లాగిపట్టే తాళ్లలో కర్రముక్కలు దూర్చి మెలితిప్పుతూ శ్రుతి చేసుకునేవారు. వీటిలో పెద్దదై, మంద్రంగా పలికేది బూలా. దీన్ని నేలమీద పడుకోబెట్టి, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని వాయిస్తారు. మాకే అనే చిన్న డోలును నిలబెట్టి వాయిస్తారు, దాని నాదం హెచ్చుస్థాయిలో ఉంటుంది. మేకపోతు తోలు బూలాకు, ఆడమేక తోలు మాకేకు వాడడం ఆనవాయితీ. బూలాలు రెండుగాని అంతకన్నా ఎక్కువగాని ఉండవచ్చును గాని మాకే ఒక్కటే.

లెవోజ్ అని పిలిచే రాత్రి కూటంలో జనం వలయంగా నిలబడతారు. గాయకుడు ఎత్తుకున్న పల్లవిని వంతపాటగాళ్లు అందుకుంటారు, బూలాలు ఎంచుకున్న లయను ఎడతెగకుండా నడుపుతాయి. ఆ లయలు ఏడు. కర్రపెండలం తురిమే శ్రమతో ముడిపడిన గ్రాజ్, మూడు మాత్రల నడక గల వూలే, నింపాదిగా దుఃఖాన్ని పలికే కలాజా వాటిలో కొన్ని. ఇంతలో వలయంలోకి ఒకరు అడుగుపెట్టి, మాకేకు ఎదురుగా నిలిచి ఆడతారు, ఇక అక్కడినుంచి మాకే వాద్యకారుడు తన ఇష్టం వచ్చినట్లు వాయించడానికి వీల్లేదు. ఆడేవారి అడుగును అతడు అప్పటికప్పుడు నాదంగా మార్చాలి. నృత్యంలోని ఒక్కొక్క భాగాన్ని ముగించే విరుపును రెప్రీజ్ అంటారు. మన లయశాస్త్ర పరిభాషలో తీర్మానం అనదగిన ఈ ముగింపు ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఆడేవారే కనుక, మోకాలి వంపులోనో భుజం కదలికలోనో ఆ సూచనను పసిగట్టి, పాదం నేలను తాకే క్షణానికే దెబ్బ పడేలా వాయించడం మాకే వాద్యకారుడికి అసలు పరీక్ష.

ఈ సంభాషణ మీద అందరి చూపూ నిలుస్తుంది గనుక బూలాను చిన్నచూపు చూడడం కద్దు. అది అన్యాయం. ఒకే వరుసను గంటల తరబడి తొందరపడకుండా, అలసిపోకుండా, అలంకారాల జోలికి పోకుండా నిలబెట్టగలగడం గొప్ప నిగ్రహం. బూలా రవ్వంత తడబడినా ఆడేవారి పాదానికీ మాకేకూ కూడా ఆధారం తప్పిపోతుంది. మాకే వైపు ఉరకలు వేసే విద్యార్థి బూలా దగ్గర ఎన్నాళ్లు కూర్చున్నా ఆ కాలం వృథా కాదు.

వేర్వేరు యజమానుల బానిసలు గుమిగూడడాన్ని 1685 నాటి ఫ్రెంచి బానిస చట్టం నిషేధించింది. 1848లో బానిసత్వం రద్దయ్యాక కూడా ఈ డోళ్లను అనాగరికుల గోలగా ఈసడించుకునే పెద్దమనుషులకు కొదవ లేకపోయింది. అయినా, వెలో అన్న పేరుతో ప్రసిద్ధుడైన డోలు వాద్యకారుడు మార్సెల్ లోలియా గ్వాడలూప్‌లోని ప్వాంత్-ఆ-పిత్ర్ నగర వీధుల్లో వాయిస్తూ పేదరికంలోనే బతికి 1984లో మరణించినప్పుడు అంతిమయాత్రకు జనం వేలాదిగా తరలివచ్చారు. గిటారు విద్వాంసుడు జెరార్ లొకెల్ గ్వోకాను యూరపు స్వరవ్యవస్థ కొలతలకు లోబరచకూడదని వాదించి, దానికంటూ ఒక సిద్ధాంతాన్ని నిర్మించాడు. 2014లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

గుర్తింపుతోపాటు వేదికలు పెరగడం సంతోషించదగినదే అయినా, వేదిక మీద వలయం విచ్చిపోయి, ఆడేవారు ప్రేక్షకులవైపు తిరిగి, వాద్యకారులు వెనుక వరుసకు చేరితే, పాదాన్ని చూడవలసిన కంటికి వీపు మాత్రమే కనబడుతుంది. ముందే కూర్చుకున్న అడుగులకు ముందే నేర్చుకున్న దెబ్బలు సరిపోతాయి, రెప్రీజ్ సమయానికే పడుతుంది, కాని అప్పుడు దాన్ని నిర్ణయించేది అభ్యాసమే తప్ప ఆడే మనిషి కాదు. అందుకే గ్వోకా నేర్పేచోట డోలు తరగతినీ నృత్యం తరగతినీ వేరువేరు గదుల్లో నడపకపోవడం మంచిది.