ఊర్మిళ మూసుకున్న తలుపు: ఓల్గా ‘విముక్త’

మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. ఓల్గా ‘విముక్త’లో ఊర్మిళ నిద్రపోదు. గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటుంది. ఆ పద్నాలుగేళ్ల లెక్క మారలేదు, లోకానికి ఆమె కనిపించకపోవడమూ మారలేదు. మారిందల్లా ఆమె మెలకువగా ఉండటమే. దాంతో పాత పాట మనలో కలిగించే జాలి పక్కకి పోయి, ఇన్నేళ్లూ ఈమె ఏం ఆలోచించిందో వినాలన్న ఆత్రం పుడుతుంది. ఓల్గా పనితనం చూపించమని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ తలుపు దగ్గరికే తీసుకెళ్తాను.

విశాఖ వాళ్లకి ఓల్గా పరాయి మనిషేమీ కాదు. ఓల్గా కలం పేరు; గుంటూరులో పుట్టిన ఈ పోపూరి లలితకుమారి ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే తెలుగు ఎం.ఏ. చదివి 1972లో పూర్తిచేశారు. ‘విముక్త’ సంపుటి 2010లో వచ్చింది, 2015లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఉన్నవి ఐదు కథలే: సమాగమం, మృణ్మయ నాదం, సైకత కుంభం, విముక్త, బంధితుడు. దేనికది విడిగా చదువుకోవచ్చు. వరసగా చదివితే మాత్రం ఒక నవలంత బరువు తూగుతాయి.

రామాయణాన్ని నిలదీయడం తెలుగులో కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుక వధ’ రాశారు, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రాశారు. వాళ్లు కావ్యంతో నేరుగా వాదానికి దిగారు. 2010లోనే అమీష్ త్రిపాఠి ‘ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా’తో ఇంగ్లిష్‌లో పురాణ నవలల జోరు మొదలైంది. అక్కడ నగరాలు, యుద్ధాలు, కొత్త లోకాలు. ఓల్గా అవేవీ కట్టలేదు. పెద్ద ఘట్టాలు ఎలా ఉన్నవి అలాగే ఉంచి, కావ్యం పట్టించుకోకుండా వదిలేసిన ఆడవాళ్ల దగ్గరికి సీతను నడిపించారు. నాకు ఈ పద్ధతే ఎక్కువ సాహసంగా కనిపిస్తుంది. కథ మార్చే వెసులుబాటు లేనప్పుడు అర్థాన్ని మార్చడానికి చాలా నేర్పు కావాలి.

‘సమాగమం’లో ఆ నేర్పు చూడండి. లవకుశులు అడవిలో ఒక అందమైన పూలతోటను చూసి వస్తారు. తోట అంత బాగున్నా అందులో ఉన్న ఆవిడ మాత్రం కురూపి అంటారు, పిల్లలు కదా. ముక్కు చెవులు లేని ఆవిడ ఎవరో సీతకు తట్టే క్షణంలోనే మనకూ తడుతుంది. పంచవటిలో ఏం జరిగిందో మళ్లీ వర్ణించే పని రచయిత్రికి లేదు. మన జ్ఞాపకమే ఆ పని చేసిపెడుతుంది. ఆ తర్వాత సీత శూర్పణఖను వెతుక్కుంటూ వెళ్లడం, రూపం పోయిన మనిషి మొక్కలు పెంచుతూ అందం మీద మళ్లీ ప్రేమ తెచ్చుకున్న సంగతి వినడం. మగవాళ్ల పగలకు ఇద్దరూ సాధనాలయ్యారని వాళ్లకి తెలిసే చోటు ఈ పుస్తకమంతటికీ పునాది.

‘మృణ్మయ నాదం’లో కాలాన్ని వాడుకున్న తీరు ఇంకా గొప్పది. వాల్మీకి అహల్యకు వచ్చినవాడు ఇంద్రుడని తెలుసు. తర్వాతి కథల్లో తెలియదు. ఇక్కడి అహల్య తెలుసా తెలియదా అని అడిగే హక్కు ఎవరిదని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఏ విచారణకూ ఒప్పుకోవద్దని వనవాసంలో ఉన్న సీతకు చెబుతుంది. ఆ మాట సీతకు అప్పుడు ఎక్కదు. అగ్నిపరీక్ష అయ్యాక, అడవి పాలయ్యాక, మళ్లీ పరీక్ష అన్నప్పుడు అది పనిచేస్తుంది. ఉపదేశం విన్న మరుక్షణం పాత్ర మారిపోయే కథలు చాలా చదివాం. ఓల్గా సీత ముందు వినదు, కొన్నిసార్లు నొచ్చుకుంటుంది కూడా. బతుకు ఆ మాట దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. అందుకే నమ్ముతాం.

‘సైకత కుంభం’లో రేణుక ఇసుకతో కుండలు చేస్తుంది. పాతివ్రత్య మహిమతో రోజూ ఇసుక కుండ చేసి నీళ్లు తెచ్చేదన్న జానపద కథను ఓల్గా తిరగేశారు: కుండ అంత పెళుసుదైతే పాతివ్రత్యమూ అంతేనంటుంది రేణుక. ఆర్కే బీచ్‌లో పిచ్చుకగూళ్లు కట్టిన మన పిల్లలకి ఇసుక సంగతి చెప్పక్కర్లేదు, తేమ ఆరితే రాలిపోతుంది. అయితే ఈ కథలో రేణుక మాటలు అక్కడక్కడా ఉపన్యాసంలా సాగుతాయి. కుండను చూపించి ఊరుకున్నా సరిపోయేది.

ఊర్మిళ దగ్గర ఆ ఇబ్బంది లేదు. చెప్పకుండా వెళ్లిపోయిన భర్త మీది కోపంతో మూసిన తలుపు వెనక ఆమె అధికారం గురించి ఆలోచించింది. తన మీద ఇతరులకున్నదీ, ఇతరుల మీద తనకున్నదీ రెండూ వదులుకోవాలన్న చోటికి చేరింది. రెండోది వదులుకోమనడమే కష్టమైన మాట, ఓల్గా దాన్ని దాటవేయలేదు.

చివరి కథ రాముడిది. నలుగురు స్త్రీల తర్వాత ఆయన్ని బోనులో నిలబెడతారని అనుకుంటాం. పేరే ‘బంధితుడు’. రాజ్యానికీ వంశ మర్యాదకూ కట్టుబడిపోయిన మనిషి లోపల ఏముందో ఓల్గా సానుభూతితో రాశారు. తప్పును తప్పుగానే ఉంచి, చేసినవాడి సంకెళ్లనూ చూపించారు. ఈ కథ ముందే వచ్చి ఉంటే సమర్థింపులా ఉండేది. సీత అన్నీ వదులుకున్నాక రావడం వల్ల, వదులుకోలేనివాడు ఆయనేనని తెలుస్తుంది.