చౌక ప్రతి, ఏకైక ప్రతి : ప్రసిద్ధ గ్రంథాల పునర్ముద్రణలో పాఠబాధ్యత

ప్రాచీన కావ్యాలనూ సంస్కరణోద్యమ రచనలనూ తక్కువ వెలకు మళ్లీ మళ్లీ అచ్చు వేసిన గ్రంథమాలలను తెలుగు సాహిత్య చరిత్ర చాలావరకు భాషాసేవగానే లెక్కించింది. ఎన్ని పుస్తకాలు వేశారు, ఎంత తక్కువకు ఇచ్చారు అన్న లెక్కతో ఆ ప్రశంస ముగుస్తుంది. అచ్చయిన పాఠం ఏ కూర్పు నుంచి వచ్చింది, అందులో ఏది వదిలిపోయింది అన్న ప్రశ్నలు మాత్రం పరిష్కృత ప్రతులకే పరిమితమయ్యాయి. నిజానికి ఈ ప్రశ్నలు చౌక ప్రతికే ఎక్కువగా వర్తిస్తాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధకుడు నాలుగు ముద్రణలను పక్కపక్కన పెట్టి చూసుకోగలడు. చౌక ప్రతి కొన్న పాఠకుడికి సరిచూసుకోవడానికి మరో ప్రతి ఉండదు.

ఆ పాఠకుణ్ణి ఊహించుకోవడానికి రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఒక ఆధారం. సామాన్యుడికి అందే వెలలో పుస్తకాలు తేవాలని 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి తదితరులు హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌ను ప్రారంభించారు. ఆ దశకంలోనే గీతా రామస్వామి ఇబ్రహీంపట్నం తాలూకాకు వెళ్లి వ్యవసాయ కూలీల మధ్య పనిచేశారు. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం వెట్టి విముక్తికీ భూమి హక్కుకూ పోరాడింది. ఆ అనుభవం 2022లో వెలువడిన ఆమె ఆంగ్ల ఆత్మకథలో నమోదైంది. ప్రచురణకర్తా, పుస్తకం చేరవలసిన మనిషీ ఇంత దగ్గరగా ఎదురుపడిన సందర్భాలు తెలుగు ప్రచురణ చరిత్రలో తక్కువ. భూమి తగాదా నడిచే చోట నకలు విలువ వేరే చెప్పనక్కరలేదు. పహాణీ నకలులో సర్వే నంబరు ఒక్క అంకె తప్పినా చెలక చేజారే ప్రమాదం ఉంటుంది. అలాంటి చోట చదువరి చేతికి వచ్చే పుస్తకమూ అంత నమ్మకంగా ఉండాలని కోరడం అత్యాశ కాబోదు.

1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి, 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల చదువరిని వెతుక్కుంటూ వెళ్లిన ప్రచురణకు తెలంగాణ నేల మీది తొలి ఉదాహరణలు. ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు పుస్తకాన్ని మధ్యతరగతి ఇంటి వస్తువుగా మార్చాయి. ఎమెస్కో ‘సంప్రదాయ సాహితి’ శ్రేణిలో ప్రబంధాలకు ఆధునిక విమర్శకుల పీఠికలు జతచేయడం విశేషంగా గుర్తించదగినది. వెల తగ్గిస్తూనే పాఠకుడికి తోడు ఇవ్వవచ్చునని ఆ శ్రేణి నిరూపించింది.

సాహిత్యమూ సంస్కరణా కలిసిన గ్రంథంగా కన్యాశుల్కాన్ని మించిన ఉదాహరణ దొరకదు. గురజాడ 1897లో అచ్చు వేసిన నాటకమూ 1909లో వెలువరించిన రెండవ కూర్పూ ఒకే పేరు గల రెండు రచనలు అనదగినంత వేరు. మధురవాణి పాత్ర పూర్తి విస్తృతి రెండవ కూర్పులోనే కనిపిస్తుంది. తొలి కూర్పు దాదాపు మరుగున పడిపోగా, బంగోరె దానిని 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో వెలికి తెచ్చారు. చౌక ప్రతులు సాధారణంగా అనుసరించేది రెండవ కూర్పునే. ఆ ఎంపిక సమంజసమే. అయితే అది ఎంపిక అన్న సంగతి ప్రతిలో ఎక్కడా కనబడనప్పుడు, గురజాడ పన్నెండేళ్లు తన నాటకంతో పెనుగులాడిన చరిత్ర పాఠకుడికి తెలియకుండానే పోతుంది.

పీఠిక విషయంలో నష్టం ఇంకా పెద్దది. తొలి కూర్పుకు గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠిక ఒక గణాంక పత్రం. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు తెలిసిన పాఠకుడు లుబ్ధావధానుల పెళ్లి ప్రయత్నాన్ని చూసి నవ్వే తీరు మారుతుంది. పీఠిక తీసేసిన ప్రతిలో హాస్యం మిగిలి, ఆ హాస్యం దేని మీదనో ఆ సంగతి పలచబడుతుంది. ఆంగ్లంలోనే ఉంచిన ప్రతి వల్లా ఇబ్రహీంపట్నం పాఠకుడికి ఒనగూడేది తక్కువ. తెలుగులో అత్యధికంగా చదివే నాటకం పీఠికకు తెలుగు రూపం ప్రతి చౌక ముద్రణలోనూ తప్పనిసరి కాకపోవడం విడ్డూరం.

కావ్యాల విషయంలో వదిలివేత మరో రూపం తీసుకుంది. ముద్దుపళని రాధికాసాంత్వనము 1887 ముద్రణలో కవయిత్రి వంశాన్ని చెప్పే అవతారికా కొన్ని పద్యాలూ లేవు. ఆ లోపాన్ని గమనించి బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రమైన పాఠాన్ని వావిళ్లవారి ద్వారా ముద్రింపజేశారు. ఆ కవయిత్రిని తీవ్రంగా ఆక్షేపించినవారు సంస్కర్త వీరేశలింగం. ప్రభుత్వ నిషేధం టంగుటూరి ప్రకాశం కాలంలో గాని తొలగలేదు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. వీరేశలింగం రచనలనూ ముద్దుపళని కావ్యాన్నీ నేడు ఒకే శ్రేణిలో ఒకే రంగు అట్టతో తేవచ్చు. కాని వాటి మధ్య నడిచిన వాదం ఆ అట్టల కింద మాసిపోకూడదు. కవయిత్రి కులవృత్తి చెప్పే భాగమే తొలి ముద్రణలో లేకపోవడం కాగితం పొదుపుతో వివరించగలిగిన విషయం కాదు.

అక్షరక్రమం సంగతి చిన్నదిగా కనిపించినా, పద్యకావ్యంలో చిన్నది కాదు. అరసున్న తొలగిస్తే సంవత్సరమైన ‘ఏఁడు’, సంఖ్య అయిన ‘ఏడు’ ఒకటవుతాయి. శకటరేఫను సాధురేఫగా మార్చితే, ప్రాసలో ఆ రెంటినీ కలపని పూర్వకవి నియమం పాఠకుడి కంట పడదు. నేటి పాఠకుడి కోసం ఈ మార్పులు చేయడాన్ని తప్పుపట్టనక్కరలేదు. చేసినట్లు ఒక్క వాక్యం రాయకపోవడమే లోపం.

వెల తగ్గించే మార్గాలలో కుదింపు ఒకటి. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘ఏడుతరాలు’గా ప్రచురించింది. మూలగ్రంథం మొత్తంగా వచ్చి ఉంటే దాని వెలే దానికి అడ్డయ్యేది. సంక్షిప్తమని తెలిసి చదివిన పాఠకుడు మోసపోలేదు, పైగా ఆ పుస్తకం తెలుగులో విస్తారంగా చదివినవాటిలో ఒకటైంది. ఇదే నియమాన్ని కన్యాశుల్కానికి అన్వయిస్తే అయ్యే ఖర్చు స్వల్పం. ఏ కూర్పును అనుసరించారో, ఏ అక్షరాలు మార్చారో, ఏ భాగం వదిలారో చెప్పే నాలుగు వాక్యాలకు లోపలి అట్ట వెనుక ఖాళీ పుట చాలు. తెలుగు పీఠికకు మరికొన్ని పుటలు కావాలి. ప్రతి ముద్రణలోనూ ప్రచురణకర్త మాట, పుస్తకాల జాబితా ఆక్రమించేది ఆ పుటలనే.