సమకాలీన నవలకు కృతిపతి ఎవరు? – ప్రచురణ మార్గం, రచయిత పరిచయం, విమర్శ

ప్రబంధాన్ని పరిశోధించేవారెవరూ అవతారికను దాటవేయరు. కృతిపతి ఎవరు, ఏ మాటలతో కవిని కావ్యరచనకు పురికొల్పాడు, కవి తన వంశాన్ని ఎలా చెప్పుకున్నాడు, పూర్వకవులలో ఎవరిని స్తుతించాడు అన్న అంశాలు తేల్చుకొన్న తర్వాతనే కథలోకి అడుగు పెడతారు. మనుచరిత్రను రాయల సభ నుంచి, తిక్కన భారతాన్ని హరిహరనాథాంకితం నుంచి విడదీసి చదవడం మన తెలుగు శాఖల సంప్రదాయం కాదు. అదే పరిశోధకుడు 1990 తర్వాత వెలువడిన నవలను చేతికి తీసుకొన్నప్పుడు ఈ జాగ్రత్త మొత్తం సడలిపోతుంది. తొలి ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త చిరునామా, పొందిన పురస్కారం అనే మూడు వివరాలు మొదటి అధ్యాయంలో ఒక మూలన చేరుతాయి. ఆ తర్వాత ఇతివృత్తం, పాత్రచిత్రణ, శైలి అన్న క్రమం నడుస్తుంది. నవల పాఠకుణ్ణి ఏ దారిన చేరిందన్నది గ్రంథవివరంగా మిగిలిపోతుంది.

ఆ దారి గ్రంథవివరం మాత్రమే కాదని, నవల నిర్మాణంలోనూ రచయితను మనం ఊహించుకొనే తీరులోనూ దాని ముద్ర ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సమకాలీన నవలలను, నవలాకారులను విశ్వవిద్యాలయం ఎలా కనుగొంటున్నది అన్న ప్రశ్న ఇందులోనే ఇమిడి ఉంది. పురస్కారం వచ్చాకో సినిమా తీశాకో నవలను కనుగొనడం పరిశోధన అనిపించుకోదు.

పత్రిక, పోటీ

తెలుగు నవల పుట్టుకనుంచీ పత్రికతోను, పోటీతోను ముడిపడి ఉంది. కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి ‘వివేకవర్ధని’లో వెలువడింది. 1890లలో న్యాపతి సుబ్బారావు పంతులు ‘చింతామణి’ ద్వారా నడిపిన పోటీలు చిలకమర్తిని నవలాకారునిగా నిలబెట్టాయి. ‘రామచంద్ర విజయం’ ఆ పోటీల ఫలితమే. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ బహుమతిని విశ్వనాథ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ పంచుకొన్నాయి. ‘వేయిపడగలు’ను విశ్వనాథ 29 రోజులలో ఆశువుగా చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని ప్రసిద్ధి. ఈ కథనాన్ని మనం రచయిత ప్రతిభకు నిదర్శనంగా చెప్పుకొంటాం. నిజానికి అది శైలీ విమర్శకు పనికివచ్చే ఆధారం. ఆ నవలలోని ఉపాఖ్యానాల పొడవు, ఒక చర్చ మధ్యలో మరొక చర్చ మొదలయ్యే తీరు, వాక్యాలలోని ప్రవచన ధోరణి – ఇవి చేత్తో రాసిన వచనం లక్షణాలా, నోట చెప్పిన వచనం లక్షణాలా? పోటీ గడువు లేకపోతే ఆ వచనం అదే రూపంలో ఉండేదా? ‘వేయిపడగలు’ భావజాలాన్ని గురించి జరిగినంత చర్చ ఈ ప్రశ్నను గురించి జరగలేదు.

వారపత్రికల యుగాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. యద్దనపూడి ‘సెక్రటరీ’ని ‘జ్యోతి’ మాసపత్రిక, యండమూరి ‘తులసిదళం’ను ‘ఆంధ్రభూమి’ వారపత్రిక ఇంటింటికీ చేర్చాయి. వారం వారం పాఠకుణ్ణి నిలబెట్టుకోవలసిన అవసరం అధ్యాయాంతాలను శాసించిందన్నది అందరూ అంగీకరించిన మాటే. ఇక్కడ గమనించవలసినది మినహాయింపును. 1960ల చివర పురాణం సుబ్రహ్మణ్యశర్మ సంపాదకత్వంలో ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రిక వడ్డెర చండీదాస్ ‘హిమజ్వాల’ను ధారావాహికగా ప్రచురించింది. చైతన్యస్రవంతి పద్ధతి, అలవాటు లేని సమాసాలు, పరిచయం లేని రచయిత పేరు – వారపత్రిక పాఠకునికి ఇవి మూడూ కొత్తవే. ఐనా సంపాదకుడు సాహసించాడు. ఆ పేరు వెనుక ఉన్నది తిరుపతిలో తత్త్వశాస్త్రం బోధించే చెరుకూరి సుబ్రహ్మణ్యేశ్వరరావు అన్న సంగతి పాఠకులకు తర్వాత తెలిసింది. సంపాదకుని అభిరుచి కృతిపతి స్థానంలో నిలిచిన సందర్భమిది. నవలా చరిత్రలలో సంపాదకులకు విడిగా ఒక అధ్యాయం ఇవ్వకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

1978లో మొదలైన ‘చతుర’ మాసపత్రిక మరొక మార్గం తెరిచింది. ఒక సంచికలో ఒక పూర్తి నవల అన్నది దాని నియమం. ధారావాహికకు వారాల విరామం ఉంటుంది, దీనికి లేదు. పాఠకుడు ఒక్క కూర్చోవడంలో ముగించగల నిడివి కావాలి. కేశవరెడ్డి ‘మునెమ్మ’ ముందు ‘చతుర’లో వచ్చి, 2008లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా పుస్తకమైంది. భర్తను పోగొట్టుకొన్న మునెమ్మ, బొల్లిగిత్తను వెంటబెట్టుకొని, హంతకులను వెదుకుతూ బయలుదేరుతుంది. ఆమెతో వెళ్ళిన సినబ్బ ఆ కథ చెబుతాడు. తనను అనుమానించి కొట్టిన భర్త చావుకు ఆమె ప్రతీకారం తీర్చుకోవడం సమంజసమా అన్న వివాదం అప్పట్లో గట్టిగానే నడిచింది. ఆ వివాదంలో మునెమ్మ స్వభావానికి దక్కిన స్థానం సినబ్బ కంఠానికి దక్కలేదు. మనకు తెలిసేది సినబ్బ చూసిన మునెమ్మ. ఆమె మనసులోకి నవల మనల్ని పోనివ్వదు. ఒక ప్రయాణం, ఒక కథకుడు, ఒక లక్ష్యం అన్న ఈ బిగువులో లోపలి మాటకు చోటు తక్కువ. సంచిక నిడివి కోసం రచయిత పాత్రను కుదించారని దీని అర్థం కాదు. ‘అతడు అడవిని జయించాడు’ చదివినవారికి కుదింపు కేశవరెడ్డి స్వభావమేనని తెలుసు. ఆ స్వభావమూ ఆ పత్రిక రూపమూ ఒకదానికొకటి సరిపోయాయి. ఆ సరిపోవడాన్ని గుర్తించకుండా, విస్తారమైన నవలలో ఉండవలసిన మనోవిశ్లేషణ ఇందులో లేదని ఆక్షేపించడం న్యాయం కాదు. 2021లో ‘చతుర’ ఆగిపోయింది. దానితోపాటు ఆ నిడివి గల నవలకు నెలనెలా ఉన్న చోటు కూడా పోయింది.

ప్రవాసుల బహుమతి

వారపత్రికలు నవలకు చోటు తగ్గించిన కాలంలోనే అమెరికాలోని తెలుగు సంఘాలు నవలల పోటీలకు పూనుకొన్నాయి. 1997లో తానా బహుమతి పొందిన చంద్రలత ‘రేగడివిత్తులు’, 2006లో ఆటా బహుమతి పొందిన పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’, 2017లో తానా బహుమతి పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, 2019లో అదే బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ – ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. వలసవెళ్ళిన రైతు చేతిలోని నల్లరేగడి, గుడ్డెలుగును ఆడించి బతికే కుటుంబం, హండే పాలకుల నాటి అనంతపురం సీమ, కరువులో నల్లమలకు గొర్రెలు తోలుకుపోయే కాపరులు. నాలుగింటి లోకమూ నగరానికి వెలుపలిదే. నాలుగింటిలోనూ నేలతోనో జీవంతోనో పెనవేసుకొన్న బతుకుతెరువు ప్రమాదంలో ఉంది.

నాలుగు నవలలతో పోటీల స్వభావమంతా తేల్చిచెప్పలేం. ఐనా ఒక అనుమానానికి అవకాశముంది. విడిచివచ్చిన నేలను తలచుకొనే ప్రవాసి ఈ నవలలకు కృతిపతి అయితే, ఆ కృతిపతి కోరిక వీటిలో ఎంతవరకు నెరవేరింది? పల్లె మీది మమకారం కోసం ఈ నవలలు రాశారా? దీనికి జవాబు నవలల లోపలే దొరుకుతుంది. పోటీ నవలలంటే చులకనగా చూసే విమర్శకులు ఇక్కడే తొందరపడుతున్నారు.

‘జిగిరి’ సంగతి చూద్దాం. ఇమాం పెంచుకొన్న గుడ్డెలుగు షాదుల్ అతనికి కొడుకుతో సమానం. ఎలుగును వదులుకొంటే ప్రభుత్వం ఇచ్చే భూమితో స్థిరపడవచ్చునన్నది ఇంట్లోవారి ఆశ. మమకారం మాత్రమే ఈ నవల ధ్యేయమైతే, ఇమాంను సత్పురుషునిగాను, ఇంట్లోవారిని లోభులుగాను చిత్రించి ముగిస్తే సరిపోయేది. అశోక్‌కుమార్ ఆ పని చేయలేదు. తిరిగి తిరిగి అడుక్కొనే బతుకు మీద కొడుకుకున్న రోతను కూడా అంతే బలంగా రాశారు. వన్యప్రాణిని కాపాడే చట్టం, ఆ ప్రాణితో కలిసి బతికిన మనిషిని కాపాడలేకపోవడం ఇందులోని చిక్కు. ఆ చిక్కు ముడి విప్పకుండానే నవల పాఠకుణ్ణి వదిలిపెడుతుంది. దీన్ని తలపోత సాహిత్యమనడం కుదరదు.

‘కొండపొలం’ ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ. ఇంజినీరింగు చదివి నగరంలో ఉద్యోగం దొరకని యువకుడు కరువు కాలంలో తండ్రితోపాటు గొర్రెల మంద వెంట అడవికి వెళ్ళడం ఇందులోని కథ. అడవి అతనికి ధైర్యం నేర్పుతుందన్న సారాంశం చాలా సమీక్షలలో కనిపిస్తుంది. ఆ సారాంశం తప్పు కాదు గాని, దాని వల్ల నవలలోని అసలు పని మరుగున పడుతోంది. గొర్రెలకాపరుల పలుకుబడిని రచయిత అలంకారంగా వాడలేదు. చదువుకొన్న యువకునికి ఆ పలుకుబడి సగమే తెలుసు. తోటి కాపరులు మాట్లాడుకొనేది అర్థం చేసుకొంటూ, వాళ్ళు అడవిని గుర్తుపట్టే గుర్తులు నేర్చుకొంటూ అతడు ముందుకు సాగుతాడు. పాఠకుడు కూడా అదే వేగంతో సాగుతాడు. అర్థపట్టికతో తీరే అవసరాన్ని కథనంతో తీర్చిన నేర్పు ఇది. మాండలికాన్ని ప్రాంతీయ ముద్రగా మాత్రమే లెక్కించే మన అధ్యయనాలు ఈ పద్ధతిని పట్టుకోలేవు. 2021లో క్రిష్ దర్శకత్వంలో ఈ నవల సినిమా అయినప్పుడు నవలలో లేని ప్రేమకథ ఒకటి చేరింది. సినిమా ద్వారా నవలను కనుగొన్న విద్యార్థి ఆ నాయికను నవలలో వెదకడం సహజమే. మార్గం చదువును ఎలా మారుస్తుందో ఇంతకంటే చక్కగా చెప్పలేం.

‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత దాని మీద వ్యాసాలు పెరిగాయి. ‘గద్దలాడతండాయి’, ‘మీ రాజ్యం మీరేలండి’ వంటి నారాయణస్వామి పూర్వనవలలను ఆ వెలుగులోకి ఎవరైనా తెచ్చారా? వర్తమాన అనంతపురం కరువును రాసిన చేయి, 18వ శతాబ్దిలోని కింది కులాల జీవితాన్ని రాసినప్పుడు ఏ ప్రశ్నలను వెంట తీసుకుపోయిందో పూర్వరచనలు చదవకుండా చెప్పలేం. పురస్కారం ఒక పుస్తకాన్ని వెలిగించి పక్కవాటిని చీకటిలో ఉంచుతుంది. ఆ చీకటిలో చేయిపెట్టి వెదకవలసింది పరిశోధకుడే.

పేరు వెనుక మనిషి

అవతారికలోని కవి వంశవర్ణనకు సమకాలీన రూపం వెనుక అట్ట మీది పరిచయం. ఊరు, జిల్లా, వృత్తి, పొందిన బహుమతులు అక్కడ ఉంటాయి. రెండు తరాల కిందట పాఠకునికి ఈ వివరాలు అందేవి కావు. ‘బీనాదేవి’ పేరు వెనుక భార్యాభర్తలిద్దరు ఉన్నారు. నవలారచనలో స్త్రీల పేర్లకు గిరాకీ ఉన్న రోజులలో కొందరు పురుషులు స్త్రీల పేర్లతో రాశారు. దొంగరి మల్లయ్య తన తొలి నవల పేరునే ఇంటిపేరుగా చేసుకొని ‘అంపశయ్య’ నవీన్ అయ్యారు. ఇప్పుడు పాఠకుడు నవలకంటే ముందు రచయితను కలుసుకొంటున్నాడు. దీనివల్ల ‘అనుభవ ప్రామాణికత’ అన్న కొలమానం విమర్శలో మొదటి స్థానానికి వచ్చింది. రచయిత ఆ ప్రాంతం వాడా, ఆ కులం వాడా, ఆ వృత్తిని ఎరుగునా అన్న ప్రశ్నలు అనవసరమని అనను. శతాబ్దాలుగా ఒకరి బతుకును మరొకరే రాస్తూ వచ్చిన సాహిత్యంలో అవి అడగవలసినవే. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’లో రూతు జ్ఞాపకాలుగా తరాల చరిత్ర విప్పుకొన్నప్పుడు, ఎవరు గుర్తుపెట్టుకొంటున్నారన్నది ఆ నవల నిర్మాణానికే పునాది.

కాని ఆ కొలమానం ఒక్కటే చాలదు. ‘అతడు అడవిని జయించాడు’లో పందులు కాచే ముసలివాడు తప్పిపోయిన సుక్కపందిని వెదుకుతూ రాత్రి అడవిలో గడుపుతాడు. రాసింది నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. రచయిత పరిచయం ఇక్కడ మనకు ఏ తాళంచెవీ ఇవ్వదు. ముసలివాని ఒంటరితనం, అతని లెక్కలు, అతని భయం వాక్యాల నడకలోనే రుజువు కావాలి, అయ్యాయి కూడా. రచయిత జీవితం నుంచి నవలకు నడిచే దారి మూసుకొన్న చోట మన విమర్శ పదును తెలుస్తుంది.

పాఠం

మరొక సంగతి ఉంది. కావ్యాలకు తాళపత్ర ప్రతులు సేకరించి పాఠభేదాలు చూపే శాస్త్రం తెలుగు శాఖలకు తరతరాల ఆస్తి. నవలకు మాత్రం పాఠపరిష్కరణ అవసరం లేదని అనుకొంటున్నాం. పత్రికలో వచ్చిన రూపానికీ పుస్తకరూపానికీ మధ్య అధ్యాయ విభజనలు మారతాయి, వారంవారీ ముగింపు వాక్యాలు తొలగుతాయి, మాండలికం కొన్నిచోట్ల ప్రమాణభాషకు జరుగుతుంది. ఈ మార్పులలో రచయిత చేసినవేవో, సంపాదకుడు చేసినవేవో చెప్పాలంటే రెండు రూపాలూ ఎదురుగా ఉండాలి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, సుందరయ్య విజ్ఞానకేంద్రం వంటి చోట్ల పాత పత్రికల సంపుటాలున్నాయి. వాటితోపాటు, ధారావాహిక పుటలను వారం వారం చించి, సూదీదారంతో కుట్టి, అట్ట వేయించి దాచుకొన్న పాఠకుల ఇళ్ళూ ఉన్నాయి. అలా కుట్టిన ప్రతులలో నవలతోపాటు పుట అడుగున మిగిలిన ప్రకటనలు, పక్క శీర్షికల తునకలు, పాఠకులు అంచులలో రాసుకొన్న మాటలు కూడా నిలిచి ఉన్నాయి. ఒక సిద్ధాంతవ్యాసానికి ఆ ఒక్క ప్రతి చాలు.