గునపం దిగేముందు

ఈ వారం మా ఎదురింటి కుర్రాడు చేసిన పని నాకు భలే నచ్చింది. ఇంటి పక్కన ఖాళీ స్థలంలో వానలకు నడుమెత్తు పిచ్చిమొక్కలు లేస్తే, బ్రష్ కట్టర్ అద్దెకు తెచ్చాడు. ఎప్పుడూ పట్టింది లేదు. ఆ యంత్రం చేతికి రాగానే తాడు లాగి మొదలెట్టేసేవాళ్లను చాలామందిని చూశాను. ఇతను ముందు స్థలమంతా తిరిగి సీసా పెంకులు, చువ్వ ముక్కలు, కంకర రాళ్లు ఏరి గోనెసంచిలో వేశాడు. గోడవార ఆడుకుంటున్న పిల్లల్ని వీధి మలుపు దాకా పంపించాడు. కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకున్నాకే బెల్టు భుజాన తగిలించుకున్నాడు.

“బాబాయ్ గారూ, వయ్యారిభామను కూడా దీంతోనే కొట్టేయమంటారా?” అని అడిగాడు.

వద్దన్నాను. తిరిగే నైలాన్ తీగ ఆ మొక్కను నలగ్గొట్టి ఒంటిమీదికీ ముక్కులోకీ చిమ్ముతుంది. దద్దుర్లు, దురద, కొందరికి ఆయాసం. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకడమే దానికి మందు. మిగతా గడ్డి మిషనుకు వదిలేశాం.

ఆ యంత్రంతో వచ్చే పుస్తకం తప్పకుండా చదవాలి. పని చేసే మనిషికి 15 మీటర్ల లోపల ఇంకెవరూ ఉండకూడదంటుంది. చిన్న గులకరాయి ఎగిరినా కన్ను పోతుంది కనుక అది అతి జాగ్రత్తేం కాదు. తీగ తీసి ఇనుప బ్లేడు బిగిస్తే ఇంకో గండం ఉంది. బ్లేడు ముందువైపు కుడి అంచు గట్టి మోడుకు తగిలితే యంత్రం మొత్తం ఒక్కసారిగా ఎదురుతన్నుతుంది. గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపి, తిరగడం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. ఇంజను చల్లబడకుండా పెట్రోలు పోయకూడదు. కరెంటుతో నడిచే రకమైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే తీసుకోవాలి. టేపు చుట్టిన అతుకుల వైరును తడి గడ్డి మీద ఈడ్చకూడదు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా గునపం పక్షపాతం తెలుసు. పెరటికి గునపం, పార, కొడవలి ఉంటే చాలునని ఎన్నోసార్లు వాదించాను. మొదటిసారి మట్టిలో చెయ్యి పెట్టేవాళ్లు యంత్రం జోలికి పోకుండా వీటితోనే మొదలుపెట్టాలని ఈసారి కూడా రాద్దామనే కూర్చున్నాను. కానీ తవ్వడం అనుకోగానే మా అమ్మమ్మగారి ఊళ్లో బావి తవ్విన పెద్దాయన గుర్తొచ్చాడు.

అది సముద్రానికి దగ్గర, ఇసుక నేల. వేసవి సెలవుల్లో పెరట్లో బావి పడుతోంది. గొయ్యి తవ్వేశాక లోపల ఒరలు దింపుతారని అనుకున్నాను. ఆయన మొదటి ఒరను నేలమీదే పెట్టించాడు. తాను దాని లోపల కూర్చుని, అంచు కింద ఇసుకను చుట్టూ సమంగా లాగుతూ వచ్చాడు. ఒర తన బరువుకు తానే దిగింది. అది నేలమట్టానికి రాగానే పైన ఇంకో ఒర, మళ్లీ లోపల తవ్వకం. ఒకవైపు ఎక్కువ తీస్తే ఒర ఒరిగిపోతుంది. అందుకని నాలుగు పార్ల ఇసుక తీయడం, అంచు మీద అరచెయ్యి పెట్టి చూడటం, ఎదురువైపు జరగడం. ఆ చెయ్యి పెట్టడం ఒక్కసారి కూడా మానలేదు. పైనున్నవాళ్లు తట్టలతో అందుకున్న ఇసుకను గట్టు మీద కుమ్మరిస్తే ఊరుకునేవాడు కాదు, దూరంగా మోయించేవాడు.

“గట్టు మీద పోస్తే, గట్టూ ఇసుకా కలిసి నా మీదికే వస్తాయి అబ్బాయిగారూ” అన్నాడు. నడుము లోతు దాటితే ఒర లేకుండా ఇసుక గోతిలో దిగనని ఇంటివాళ్లకు ముందే చెప్పేశాడట. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర తూగుతుంది. గుండెల దాకా కమ్మేస్తే తల పైకే ఉన్నా ఊపిరి ఆడదు. ఒకటిన్నర మీటరు దాటిన కందకానికి పక్కగోడలకు ఆసరా కట్టాలని ఇంజనీర్లు పాటించే నియమం ఉంది. పెరట్లో ఇంకుడు గుంతకు, సెప్టిక్ ట్యాంకుకు కూలీలను దింపుతున్న ఇళ్లలో ఆ నియమం గురించి అడిగినవాళ్లు నాకు తారసపడలేదు.

ఇదంతా తల్చుకున్నాక నా పాత వాదన నిలబడటం లేదు. యంత్రం మోత వినగానే ఎవరికైనా ఒళ్లు జాగ్రత్తపడుతుంది. పైగా దానికి పుస్తకం ఉంది. గునపానికి పుస్తకం రాదు. చేతి పనిముట్టే కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఆ మొన ఎక్కడ దిగుతోందో పట్టుకున్నవాళ్లకు కనిపించదు. మీటరు నుంచి బోరు మోటారుకు పోయే వైరును గొట్టం కూడా తొడగకుండా జానెడు లోతులో పూడ్చిన ఇళ్లు ఎన్నో. తడి నేలలో నిలబడి, నిలువెత్తు ఇనుప కడ్డీని దాని మీద దింపడమే పని! ఎదురింటి అబ్బాయికి బ్రష్ కట్టర్ ఇవ్వడానికి నాకిప్పుడు జంకు లేదు. గునపం ఇవ్వాలంటేనే జంకు.

పద్ధతిగా వేసిన కేబులైతే ముందే చెబుతుంది. దాని చుట్టూ ఇసుక, పైన వరసగా ఇటుకలో రంగు టేపో వేస్తారు. గొయ్యిలో పేర్చినట్టు ఇటుకలు కనబడితే, ఎర్ర నేలలో హఠాత్తుగా తెల్లటి ఇసుక తగిలితే, అక్కడితో ఆపేయాలి. గోడవార ఎర్తు గుంట ఉన్నచోటికి అసలు పోకూడదు.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు పెరట్లో చెట్టు నాటాలన్నా ముందు 811కు ఫోన్ చేస్తారు. మనుషులొచ్చి కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, మంచినీళ్లకు నీలం గుర్తులు పెట్టి వెళ్తారు. మన దేశంలో రోడ్లు తవ్వే సంస్థల కోసం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ వచ్చింది. మంచి పనే. అయితే మీటరు దాటి మన ప్రహరీ లోపల మనమే వేయించుకున్న వైర్ల లెక్క అక్కడా ఇక్కడా ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి.

అందుకే ఇల్లు కట్టిస్తున్నవాళ్లను అడుగుతున్నాను. వైరూ పైపూ పరిచాక, మట్టి కప్పకముందు, గోడ నుంచి ఎన్ని అడుగులో తెలిసేలా టేపు పట్టి ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఫోన్లు మారతాయి కనుక ప్రింటు వేయించి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. ఇల్లు అమ్మితే కొన్నవాళ్ల చేతికివ్వండి.